నాలుగు మీటర్ల గీత

ఉదయం ఆరింటికి మట్టం బాబాయ్ చివరి స్తంభం దగ్గర వంగి చెరువు నీటిమట్టం చదివాడు: నాలుగు మీటర్ల రెండు సెంటీమీటర్లు. తూము కాస్త తెరిచి, నీళ్ళు నాలుగు గీతకు దిగాక మూసి, పుస్తకంలో రాశాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ఉద్యోగం అదే.

చెరువు తవ్వినప్పుడు ఆయన తట్ట మోశాడు. ఆ మట్టినే ఒడ్డున పోసి, దాని మీద మూడు కాంక్రీటు భవనాలు లేపారు. చదును కప్పులు, పూత వెయ్యని గోడలు, నీళ్ళలోకి దిగిన స్తంభాలు. కొత్తలో జనం బస్సులు కట్టించుకుని చూడ్డానికొచ్చేవారు. గోడలు నల్లబడ్డాక మానేశారు. చివరి స్తంభం మీద గీతలు పెట్టి, వాటిని చదివే పని ఆయనకిచ్చారు. దాని పైనున్న రెండు గదులూ ఇచ్చారు. ఆయనకు వేరే ఇల్లు లేదు.

ఆ ఇంటి తలుపు ఏటా నేలకు పట్టేసేది. ఆయన అడుగున చిత్రిక పట్టేవాడు.

“చెక్క ఉబ్బడం కాదయ్యా, ఇల్లే కుంగుతోంది,” అనేది భార్య. “రేవులో చూడు. అప్పుడు మునిగుండే మెట్టు మీద ఇప్పుడు కూచుని బట్టలుతుకుతున్నా.”

“నా గీతలకన్నా నీ మెట్లకి ఎక్కువ తెలుసా?”

“నీ గీతలున్నదీ ఈ కొంప మీదేగా!”

ఆయన నవ్వేసేవాడు. ఆమె పోయి రెండేళ్ళయింది.

ఆవేళ పదింటికి తనిఖీకి వచ్చిన ఇంజినీరమ్మ ఎదుటి గుట్ట మీంచి కొలతలు తీసింది.

“చెరువు పెరగలేదు బాబాయ్. స్తంభం పంతొమ్మిది సెంటీమీటర్లు దిగింది, మీ గీతలూ దాంతో దిగాయి. ఇన్నేళ్ళూ చెరువుతో ఉత్తపుణ్యానికి పథ్యం చేయించారు.”

ఆయన స్తంభం వైపు చూశాడు. “మా ఆవిడ చెప్పింది,” అన్నాడు.

“ఏమని?”

“ఏం లేదులెండమ్మా. ఇప్పుడేం చేస్తారు?”

“శనివారానికి ఈ భవనం ఖాళీ చెయ్యాలి. ముందు మీరే. మీ గదులే దాని మీదున్నాయి.”

శనివారం బావమరిది ఆటో తెచ్చాడు. సామాను ఒక్క విడతలో పట్టింది. తలుపు మళ్ళీ పట్టేసింది, మూయకుండానే దిగొచ్చేశాడు.

ఆదివారం ఆరింటికి మొదటి బస్సులో వచ్చి, గట్టు మీది బండకు బిగించిన కొత్త కొలబద్ద చదివాడు. తూము ముట్టుకోలేదు. పుస్తకంలో రాశాడు: 3.81.