మస్తాన్ మామ పెట్టని సంతకం

కుట్టుమిషన్ నూనె వాసన తగిలితే ఈరోజుకీ నాకు తలెత్తబుద్ధి కాదు.

పలమనేరులో మా వీధి చివర మసీదు కడతారని తెలిసి, వద్దంటూ మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలనుకున్నారు పెద్దలు. మా తరగతిలో చేతిరాత నాదే బాగుండేది. నాయన చెప్పింది చెప్పినట్టు రాశాను. "ఇంటింటికీ పొయ్యి సంతకాలు పెట్టించుకోని రా పాపా" అన్నాడు. నేను ఒక్క ఇల్లూ వదల్లేదు. పక్కింటి దర్జీ మస్తాన్ మామ దగ్గరికీ వెళ్ళాను.

ఆయన మిషన్ ఆపి, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. కింద ఉన్న పేర్ల మీద ఒక్కొక్కటిగా వేలు జరిపాడు. అన్నీ ఆయన బట్టలు కుట్టిపెట్టే ఇళ్ళే.

"అందరూ పెట్టినారా పాపా?"

"అందరూ పెట్టినారు. నువ్వొక్కడివే మిగిలినావు మామా" అన్నాను గొప్పగా.

కాగితం నలగకుండా నా చేతికిచ్చాడు. "రాత బాగుండాది" అన్నాడు. ఉగాదికి కుట్టిన నా పావడ కూడా ఇచ్చి పంపాడు.

ఆ మసీదు కట్టనివ్వలేదు. చిన్నపిల్లను, నాకేం తెలుసని సర్దిచెప్పుకుంటాను. కానీ తెలిసొచ్చాక కూడా ఏళ్ళ తరబడి ఆయన ముందు నిలబడి కొలతలిచ్చాను. ఆ మాట మాత్రం ఎత్తలేదు.