వెనక్కి వచ్చే బంతి

గోల్‌కీపరు పరుగెత్తనక్కర్లేదని ఎవరో అంటే నమ్మి, నలభై దాటాక జమ్మలమడుగు ఫుట్‌బాల్ జట్టుకు గోల్ కాయడానికి ఒప్పుకున్నాను. కాసిన గోల్ కంటే పెట్టిన గోలే ఎక్కువ.

నా ముందు డిఫెండరుగా ఆడినవాడు ఇరవై ఏళ్ళ కుర్రాడు. బెంగళూరులో ఒక క్లబ్బు జీతమిచ్చి తీసుకుంటే, మొదటి ఏడాదే మోకాలు మెలిపడి ఇంటికొచ్చాడు. ఎదుటివాడు మీదికొస్తే చాలు, వెనక్కి చూడనైనా చూడకుండా బంతిని నాకు తన్నేసేవాడు. మనవాడు తన్నిన బంతిని గోల్‌కీపరు చేత్తో పట్టకూడదు, కాలితోనే తన్నాలి. నాకేమో ఆ తన్నడమే సరిగా రాదు.

"ముందుకు తన్నబ్బీ, నాకెందుకు పంపుతాండావు?"

"ఎనకాల నువ్వుండావు గదా మామా, నాకేం భయం?"

"ఆ భయమంతా నాకాడుండాది."

మోకాలు కుదిరిందో లేదో చూడటానికి క్లబ్బు మనిషి ప్రొద్దుటూరు వచ్చాడు. కుదరకపోతే ఉద్యోగం పోయినట్టే. ఆ రోజు అక్కడ పులివెందులతో ఆట. వాళ్ళ ఫార్వర్డు ఎద్దులా దూసుకొచ్చినప్పుడల్లా బంతి నా దగ్గరికే వచ్చింది. మూడోసారి ఒళ్ళు మండి, దాన్ని తిరిగి కుర్రాడికే తన్నాను.

తన్నాక గానీ ఆ మోకాలు గుర్తు రాలేదు. మైదానం పక్కన వాళ్ళమ్మ లేచి నిలబడింది.

అతడు ఆ కాలి మీదే గిర్రున తిరిగాడు. ఫార్వర్డు పక్కకు జారిపడ్డాడు. బంతి కుర్రాడి దగ్గరే ఉండిపోయింది.

వారం తిరక్కుండా బెంగళూరు బస్సెక్కాడు. ఆ రోజు మాత్రం, అక్కణ్ణుంచి ఆట ముగిసేదాకా నాకు మరొక్క బంతీ పంపలేదు.