గుండ్రటి గుంత

మా ఊళ్లో గురుబోధ తీసుకున్నవాళ్లను కాల్చరు, పడుకోబెట్టి పూడ్చరు. ప్రాణం పోగానే లేపి, కాళ్లు మడిచి, ధ్యానంలో ఉన్నట్టు కూర్చోబెడతారు. గుండ్రంగా, లోతుగా గుంత తవ్వి, అందులో అలాగే దించి, విభూతీ ఉప్పూ పోసి మట్టి కప్పుతారు. పైన వచ్చే దిబ్బ కూడా గుండ్రంగానే ఉంటుంది. నార్కట్‌పల్లి నుంచి మా ఊరికి మళ్లే దారి పక్కన, మెట్ట చెలక అంచున అలాంటి దిబ్బలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కటి పొడవుగా ఉంటుంది. అది మా బాపుది.

బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసి బతికినవాడు. బోధ తీసుకున్నాక గీయడం మానలేదు, తాగడం మానేశాడు. తోటివాళ్లు ఏడిపిస్తే, "నేను తాగితె చెట్టు దిగెటోడు ఎవడురా" అనేవాడు. చెట్టు మీద ఉన్నప్పుడు చెట్టు మీదే ఉండాలన్నది ఆయనకు తెలిసిన మొదటి బోధ. దాన్నే కిందికీ తెచ్చుకున్నాడు. నీళ్లు తాగుతుంటే నీళ్లే తాగేవాడు. గొళ్లెం చప్పుడు కాకుండా పెట్టేవాడు. సాయంత్రం గొంగడి పరుచుకుని, కాళ్లు మడిచి ఊరికే కూర్చునేవాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "అలవాటు చేస్తున్న. ఆఖరుకు కూసునే పోవాలె గద" అనేవాడు. అంతకుమించి విప్పి చెప్పేవాడు కాదు. అలాగని శాంతమూర్తి ఏమీ కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. బీడీ మానలేకపోయాడు.

నాది హైవే పక్కన బోరు మోటార్లు చుట్టే దుకాణం. నేనూ బోధ తీసుకున్నాను. నాకు కూర్చోవడం రాలేదు, మాట్లాడటం వచ్చింది. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకే అందరి చేతుల్లోకి మంచి ఫోన్లు వచ్చాయి. సత్సంగం వాళ్లం ఒక గ్రూపు పెట్టుకున్నాం. రోజూ పొద్దున్నే ఎరుక గురించి అందులో నా గొంతు రికార్డు చేసి పెట్టేవాణ్ని. ఆత్మకూరు దాకా వినేవాళ్లు. "అన్నా, నీ మాట ఇన్నంకనే చాయ్ తాగుత" అని ఒకాయన అన్నాడు. ఆ మెప్పు కోసం రేపేం చెప్పాలా అని ఆలోచిస్తూనే పని చేసేవాణ్ని, తినేవాణ్ని, పడుకునేవాణ్ని. ఒకరోజు బాపు నా కంచం వైపు చూసి, "నువ్వు బువ్వ తింటలేవురా, మాటలు తింటున్నవ్" అన్నాడు. ఆ మాటను మర్నాడు గ్రూపులో పెట్టాను, నా మాటగా. చాలామంది దండాలు పెట్టారు.

బాపు మంచం పట్టింది ఎండాకాలంలో. తిండి పోయింది. గ్లూకోజు పెట్టిస్తానంటే ఒప్పుకోలేదు. "దవాఖానకు తీస్కపోకు. ఆడ కూసోనియ్యరు" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, నన్నూ నా భార్యనూ దగ్గరికి పిలిచి. "ఊపిరి మారంగనే లేపుండ్రి. పండుకోని పోతె బిర్రబిగుస్త. ఇగ మీ తరం గాదు." జీవితంలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

నేనూ నా భార్యా వంతులవారీగా పక్కన కూర్చున్నాం. తడిగుడ్డతో పెదాలు అద్దేవాళ్లం. ఆ రోజు పొద్దున మబ్బు పట్టింది. మా వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర కుప్ప పోసి ఉన్నాయి. పట్టా కప్పి, మబ్బు విడిచేదాకా అక్కడ ఉండటానికి ఆమె వెళ్లాలి. చెప్పులు వేసుకుంటూ, "పక్కనే కూసో. ఎవలన్న వస్తె లోపలికే పిలువు. నువ్వు బయటికి పోకు" అంది.

"నాకు జెప్తున్నవా?" అన్నాను.

"నీకే జెప్తున్న" అంది.

ఆమె వెళ్లిన కాసేపటికి ఆత్మకూరు నుంచి నలుగురైదుగురు బాపును చూడటానికి వచ్చారు. మా ఊళ్లోనే ఉండే బాపు గురుభాయి, ఆయనతో పాటు బోధ తీసుకున్న ముసలాయన, వాళ్లను తోడ్కొని వచ్చాడు. బాపు కళ్లు తెరిచి చేయి కొంచెం లేపాడు. లోపల ఉక్కగా ఉందని వాళ్లను రేకుల పందిరి కిందికి తీసుకెళ్లాను. ఉక్క వాళ్లకు కాదు, నాకు. లోపల బాపు ముందు నా గొంతు పెగలదు.

"అన్నా, పానం పోయెటప్పుడు ఎరుక నిలబడుడెట్ల?" అని ఒకతను అడిగాడు. అంతకంటే ఏం కావాలి. నేను మొదలుపెట్టాను. ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం, రెండింటి నడుమ ఉండే ఖాళీ. వాళ్లు తలలూపుతున్నారు. ఒకతను ఫోన్లో రికార్డు చేస్తున్నాడు.

ముసలాయన మధ్యలో, "జర లోపలికి పోయి సూసి రా" అన్నాడు.

"ఇప్పుడే సూసొచ్చిన మామా. నిద్రవోతుండు" అన్నాను. చూడలేదు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి వచ్చాను, అంతే. బాపు గది దాని పక్కదే.

ముసలాయన లేచి ఇంటికి వెళ్లిపోయాడు. మేం అక్కడే టిఫిన్లు తెప్పించుకుని తిన్నాం. వాళ్లను బస్సెక్కించి వచ్చి పందిరి కింద నవారు మంచం మీద నడుం వాల్చాను. బాగా మాట్లాడానన్న తృప్తితో నిద్ర పట్టింది.

పొద్దు వాలుతుండగా నా భార్య వచ్చింది. లోపలికి వెళ్లి, వెంటనే బయటికి రాలేదు. వచ్చాక గడప మీద నిలబడి, "ఎప్పుడు పోయిండో నీకు ఎరుకేనా" అంది. జవాబు కోసం ఆగలేదు. ముసలాయన కోసం మనిషిని పంపింది.

బాపు వెల్లకిలా ఉన్నాడు. ఒక చేయి మంచం పట్టెను పట్టుకుని ఉంది. లేవాలని చూశాడేమో. నేను అలా అనుకోకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.

వేడినీళ్ల గుడ్డలు వేశాం. మోకాళ్లకు నూనె రాసి మర్దన చేశాం. జీవితమంతా తాటి బోదెను కరిచిపట్టుకున్న కాళ్లు, మోకాళ్ల దగ్గర కాయలు కాసిన కాళ్లు, మడత పడలేదు. నేను బలంగా వంచబోయాను. ముసలాయన నా చేయి పట్టుకున్నాడు.

"ఇరుగుతయ్. ఇడువు."

"ఇంకొంచెం సేపు సూద్దాం మామా."

"సచ్చినంక కూసోపెట్టెటందుకు తిప్పలు పడుతున్నవ్. బతికున్నప్పుడు నువ్వు కూసోవలసింది" అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నాడు.

అప్పటికే చెలక దగ్గర గుంత తవ్వడం అయిపోయింది, గుండ్రంగా. విషయం చెప్పాక తవ్వేవాళ్లు గడ్డపారలు పక్కన పెట్టి నిలబడ్డారు. దాన్ని పొడవు చేయాలి. నేను దిగి తవ్వాను. ఎవరూ వద్దనలేదు.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా పాపం. ఏటా ఆ దిబ్బల దగ్గర జరిగే గురుపూజకు కొత్తవాళ్లు వస్తారు, బాపు దిబ్బ ఎందుకు పొడవుగా ఉందని అడుగుతారు. "దవాఖానల పోయిండు, తెచ్చేసరికి ఆలస్యమైంది" అని చెప్పేవాణ్ని. దవాఖాన వద్దన్న మనిషిని దవాఖానలో చంపాను. గ్రూపులో మాట్లాడటం మానేశాను గానీ ఈ అబద్ధం మానలేదు.

ఈ ఏడు యాదగిరిగుట్ట నుంచి తిరిగి వెళ్తూ ఒక కుటుంబం గురుపూజకు ఆగింది. వాళ్లలో ఒకావిడ అదే అడిగింది. నేను నోరు తెరిచాను. పక్కనే కర్ర ఆనించుకుని కూర్చున్న ముసలాయన నాకంటే ముందు చెప్పాడు.

"కొడుకు ఇంట్లనే ఉన్నడమ్మా."

ఆవిడకు అర్థం కాలేదు. నా భార్య విస్తళ్లు వేస్తున్నదల్లా ఒక క్షణం ఆగి, మళ్లీ వేసుకుంటూ పోయింది. నేను ఆవిడకు మిగతాది చెప్పాను. ఆవిడ విని, తల దించుకుని, పిల్లలను తీసుకుని భోజనాల వైపు వెళ్లింది.

నేనూ వెళ్లి బంతిలో కూర్చున్నాను. ఎవరో వడ్డించారు, తిన్నాను. ఇంటికొచ్చాక నా భార్య, "కూర మంచిగుండెనా?" అని అడిగింది. ఏం కూర తిన్నానో గుర్తు రాలేదు.