కాగితపు కీబోర్డు మీద నేర్చుకున్న డబ్ల్యూ

జూన్, మూడో సోమవారం: తొమ్మిదో తరగతికి కంప్యూటర్ పాఠం చెప్పవలసిందని నాకు ఉత్తరువు అందింది. కంప్యూటర్ గది తాళంచెవి అడిగాను. ఇవ్వలేదు.

జులై, మొదటి శనివారం: కాగితం మీద రాసి అడిగాను. "చూద్దాం" అన్నారు.

ఆగస్టు, రెండో గురువారం: గదిలో పాఠ్యపుస్తకాల కట్టలు పేర్చారు. కంప్యూటర్లు వాటి వెనక్కి పోయాయి. మరొక వినతిపత్రం ఇచ్చాను.

దసరా సెలవులకు ముందురోజు: గది తెరిచారు. కట్టలు జరిపి, కంప్యూటర్లకు పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కోసి, మళ్లీ తాళం వేశారు. పిల్లలు గుమ్మం బయట నిలబడి చూశారు.

నవంబరు, చివరి బుధవారం: "గది వాడకంలో లేదు" అని పై కార్యాలయానికి నివేదిక వెళ్లింది. వాడుకోనివ్వమని నేనిచ్చిన రెండు కాగితాల ప్రస్తావన అందులో లేదు.

ఇవి నా డైరీలోంచి అక్షరం మార్చకుండా ఎత్తి రాసినవి. జహీరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి, ఉద్యోగంలో చివరి ఏడాది కంప్యూటర్ పాఠం కూడా చెప్పాను. జరిగినది జరిగిన రోజే రాసిపెట్టుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. దానిమీద మా పెద్దసారుకు, అంటే ప్రధానోపాధ్యాయునికి, ఎప్పుడూ గుర్రుగానే ఉండేది.

"చాబీ ఇచ్చుడుకు నాకేం బాధ లేదు సార్," అన్నారాయన ఒకసారి. "ఒక్క మౌస్ పోయినా స్టాక్ రిజిస్టర్ల నా పేరే ఉంటది. మీకేంది, డైరీల రాసుకుంటరు, ఇంటికి పోతరు. రేపు రిటైర్ అయ్యేటప్పుడు జవాబు చెప్పేది నేను గద."

ఆయన చెడ్డవారు కారు. రిజిస్టరులో ఎక్కిన వస్తువు ఎక్కినట్టే తరువాతి వారికి అప్పగించాలన్నది మా బడుల ఆచారం. వాడితే అరుగుతుంది, వాడకపోతే అప్పగించవచ్చు. ఆ లెక్కన మా బడిలో అతి భద్రంగా ఉన్నవి ఎవరూ ముట్టనివే.

తాళంచెవి రాదని తేలాక, ఆయన గదిలో జీతాల బిల్లులకు వాడే కంప్యూటర్ ముందు స్కేలు పట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్క మీట వెడల్పు, వాటి మధ్య ఎడం, ఏ వరుస ఎంత పక్కకు జరిగి ఉన్నదీ కొలిచి చార్టు మీద గీశాను. ఒక వరుసకూ మరొక వరుసకూ ఉన్న ఆ వాలు అంతకుముందు నేనెన్నడూ గమనించలేదు. రోజూ చూసే వస్తువును కొలవడం మొదలుపెట్టాకే అది కనబడుతుందని అప్పుడు అర్థమైంది. ఆ బొమ్మకు జిరాక్సులు తీయించి, అట్టల మీద అంటించి, ఇద్దరికొకటి చొప్పున పంచాను.

మా బడిలో తెలుగు మాధ్యమం, ఉర్దూ మాధ్యమం రెండూ ఉన్నాయి. కంప్యూటర్ పాఠానికి మాత్రం రెండు వైపుల పిల్లలూ ఒకే గదిలో కూర్చునేవారు. కోహీర్ నుంచి, చిరాగ్‌పల్లి నుంచి బస్సులో వచ్చేవారు కొందరు, ఊళ్లోవారు కొందరు. ఫోను అందరి ఇళ్లలోనూ ఉంది. దాని మీద బొటనవేళ్లు పరుగెత్తేవి. పది వేళ్లతో రాయడం వారికెవరికీ తెలియదు.

మొదటి రోజునే ప్రశ్న వచ్చింది. "సార్, అక్షరాలు ఏ, బీ, సీ అని సక్కగ ఎందుకు లేవు? మీరు గీసినప్పుడు తప్పు పోయిందా?"

"నేను గీసింది సరిగ్గానే ఉంది. వాళ్లు ఎందుకలా పెట్టారో నాకు తెలియదు," అన్నాను.

"సార్‌కు తెల్వదంట," అని వెనక బెంచీ వాళ్లు సంతోషపడ్డారు. తెలియని ప్రశ్నలకు ఒక నోటుబుక్కు తెరిచి, దాన్ని మొదటి ప్రశ్నగా రాశాను. సంక్రాంతి నాటికి ఆ పుస్తకం సగం నిండింది.

కాగితం మీద నొక్కితే ఏదీ పడదు. పిల్లవాడు సరైన మీట నొక్కాడో లేదో ఉపాధ్యాయుడికి తెలిసేదెట్లా? అందుకొక నియమం పెట్టాను: వేలు మీట మీద ఉంచి, అక్షరం పేరు పైకి చెప్పి, పూర్తిగా చెప్పాకే వేలు తీయాలి. వింటూ బెంచీల మధ్య తిరిగేవాణ్ని. పక్క తరగతి ఉపాధ్యాయురాలు వచ్చి, "ఏంది సార్, మంత్రాలు సదివిస్తున్నరా?" అని అడిగిపోయింది. జనవరి నాటికి చాలామంది చూడకుండానే వేళ్లు పెట్టగలిగారు. నాకు గర్వంగానే ఉండేది.

నవంబరు నివేదిక ఫలితంగా ఫిబ్రవరిలో తనిఖీ అధికారి వచ్చారు. వాడకంలో లేని కంప్యూటర్లను వేరే బడికి తరలించాలా, ఇక్కడే ఉంచాలా అన్నది ఆ రోజు తేలాలి. పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పాను. పుస్తకాల కట్టలు తీసేసి, కరెంటు పెడితే, ఏడు కంప్యూటర్లు వెలిగాయి.

అధికారి బోర్డు మీద ఇంగ్లీషులో "వాటర్" అని రాసి, అదే కొట్టమన్నారు. పిల్లలు కూర్చున్నారు. చూడకుండా, సరైన వేలే సరైన మీట మీద పెట్టారు. తెర మీద మాత్రం డబ్ల్యూలు వరుసకట్టి పరుగెత్తాయి. ఒకరి తెర మీద పది, ఒకరి తెర మీద పాతిక. ఆ వెనక ఏ, టీ మామూలుగా ఒక్కొక్కటే పడ్డాయి. పిల్లలు బెదిరి చేతులు వెనక్కి తీసుకున్నారు.

"నొక్కుడు గూడ రాదు వీళ్లకు," అన్నారు అధికారి పెద్దసారుతో. "ఏం నేర్పిన్రు ఇన్ని దినాలు?"

పెద్దసారు నా వైపు చూశారు. "డైరీల ఏం రాసుకుంటరో రాసుకోండ్రి," అన్నట్టుంది ఆ చూపు. అధికారి ఫైలు తెరిచి, నిలుచున్న చోటే రెండు వాక్యాలు రాసి సంతకం చేశారు.

మూడో కంప్యూటర్ ముందు ఉర్దూ మాధ్యమం అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. ఆమె తండ్రి బజారులో బట్టలు కుడతారు. అందరూ చేతులు తీసేసినా ఆమె తీయలేదు. ఒక్క మీటనే నొక్కి చూస్తోంది, వదిలి చూస్తోంది.

"సార్, జర ఇటు రాండ్రి," అంది. "గిది మా అబ్బా మిషన్ లెక్కనే ఉన్నది. కాలు పెడితే కుడ్తనే ఉంటది, తీస్తేనే ఆగుతది."

"మరి 'ఏ' అనే అక్షరం ఒక్కటే ఎందుకు పడింది?" అని అడిగాను.

ఆమె పెదవులు కదిలించి రెండు పేర్లూ చెప్పుకుంది. "'ఏ' పేరు చిన్నగున్నది సార్. డబ్ల్యూ పేరు పొడుగు. అది చెప్పేదాంక మీరే తీయొద్దన్నరు గద." పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇంకోటి సార్. మొదటిది పడ్డంక జరంత ఆగుతున్నది. గప్పుడు ఉరుకుతున్నది. అంతసేపు ఎందుకు ఆగుతున్నదో?"

నేనూ నొక్కి చూశాను. నిజమే. ఒక అక్షరం, చిన్న విరామం, తరువాత వరుస. ఎన్నో ఏళ్లుగా ఆ మీటలు నొక్కుతున్నా ఆ విరామం నా దృష్టికి రాలేదు. తనిఖీ సంగతి ఒక నిమిషం మరిచిపోయి, మేమిద్దరం ఆ విరామాన్ని అంకెలతో లెక్కపెడుతూ ఉండిపోయాము. బహుశా వేలు తీయడానికి మనిషికి ఇచ్చిన వ్యవధి అయి ఉంటుందని అనుకున్నాను. అనుకున్నాను అంతే.

తరువాత పిల్లలతో చెప్పాను: "పేరు చెప్పవద్దు. ముట్టి వదలండి." అయిదు నిమిషాల్లో ఏడు తెరల మీదా "వాటర్" తప్పు లేకుండా పడింది. అధికారిని పిలిచి చూపించాను.

ఆయన చూశారు. "మంచిగనే ఉన్నది. కని రాసింది రాసిన సార్. సంతకం గూడ అయింది," అన్నారు.

మార్చిలో ఉత్తరువు వచ్చింది. "విద్యార్థులకు కీబోర్డు వాడుక తెలియదు. పరికరాలను అవసరమున్న పాఠశాలకు తరలించవలసినది." ఏప్రిల్‌లో నేను పదవీ విరమణ చేశాను. కంప్యూటర్లు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి, బండి కోసం ఎదురుచూస్తూ. ఆ పిల్లలు ఇప్పుడు పదో తరగతి. వారికి మిగిలినది ఈ ఒక్క సంవత్సరమే. పై కార్యాలయానికి మూడు లేఖలు పంపాను. అందినట్టు రసీదులున్నాయి, జవాబు లేదు. కనుక అచ్చులో అడుగుతున్నాను.

డబ్ల్యూ తప్పు పిల్లలది కాదు. ఆ నియమం పెట్టినవాణ్ని నేను. తాళం వేసిన గది బయట వేరే మార్గం లేక పెట్టాను. దాని బాధ్యత నా పేర రాసుకోవచ్చు. అయితే, ఒకటి: తనిఖీలో మొదటి పది నిమిషాలు నివేదికకు ఎక్కి, తరువాతి అయిదు నిమిషాలు ఎందుకు ఎక్కలేదో తెలుపవలెను. రెండు: జూన్ నుంచి తాళం వేసి ఉంచిన గదిని "వాడకంలో లేదు" అని ఏ ప్రాతిపదికన తేల్చారో తెలుపవలెను. మూడు: తరలింపు ఉత్తరువును రద్దు చేసి, తాళంచెవిని ఇప్పుడు పాఠం చెబుతున్న ఉపాధ్యాయునికి ఏ తేదీన అప్పగిస్తారో తెలుపవలెను. ఈ మూడింటికీ సంబంధిత అధికారి సంతకంతో, తేదీతో, లిఖితపూర్వకమైన సమాధానం కోరుతున్నాను. అది అందేవరకు ఒక్క కంప్యూటరునైనా ఆ గది గుమ్మం దాటించకూడదని కూడా కోరుతున్నాను.