లిల్లీ గడ్డలకు పోసిన నీళ్ళు

సాయంత్రం వేళ నా బాల్కనీలో లిల్లీ కాడకు మొగ్గ విచ్చుకుంటే ఆ వాసన వంటింటిదాకా వస్తుంది. సూరత్‌లో అందరూ రజనీగంధా అంటారు. మా ఇంట్లో మొదటినుంచీ లిల్లీయే. పొయ్యి తగ్గించి వచ్చి నిలబడతాను. ఈ పూలంటే ఇంత ప్రాణమేమిటని మావారు నవ్వుతారు. ప్రాణమే, కాని ఆ వాసనలో నాకు సంతోషం ఏనాడూ పూర్తిగా దొరకలేదు.

నా చిన్నతనంలో మేము ఈ ఊళ్ళోనే లింబాయత్ పేటలో ఒక ఇంటి మేడమీద ఒంటిగదిలో ఉండేవాళ్ళం. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటే గోడలు అదిరేవి, మంచినీళ్ళ గ్లాసులో నీళ్ళు వణికేవి, బాపు పనినుంచి వస్తే కనుబొమల మీద దారపు నూగు తెల్లగా పేరుకొని ఉండేది. ఎదురు గదిలో మల్లేశం కాక. బాపూ ఆయనా సిరిసిల్ల దగ్గర ఒకే ఊరివాళ్ళు, ఒకే రైల్లో వచ్చి ఒకే కార్ఖానాలో పనికి కుదిరారు. కాక పెళ్ళాంపిల్లలు ఊళ్ళోనే ఉండడంతో ఆదివారం ఆయన అన్నం మా ఇంట్లోనే. తిన్నాక ఇద్దరూ వసారాలో కూర్చుని, ఖాళీ రంగు డబ్బాల్లో నాటిన లిల్లీ గడ్డల చుట్టూ మట్టి గుల్ల చేస్తూ, మాటలు పెద్దగా లేకుండానే పొద్దు గడిపేవారు. వానలు వెనకబట్టేసరికి కాడలు బారుగా లేచేవి. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు కనుక అమ్మ బంతిపూల వరసల నడుమ ఆ తెల్లని పూలతోనే బతుకమ్మను పేర్చేది; నువ్వుల సద్ది పంచుకుంటూ వాడకట్టు ఆడవాళ్ళు వంగి వంగి వాసన చూసేవారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, సంక్రాంతికి ఎగరేసిన ఉత్తరాయణ్ పతంగులు ఇంకా తీగలకు వేలాడుతున్న రోజుల్లో, ఊళ్ళో నాయనమ్మ పోయిందని కబురొచ్చింది. తమ్ముడు పుట్టి నెల కాలేదు. బాపు ఒక్కడే వెళ్ళాడు. వెళుతూ నాకు చెప్పాడు: "బిడ్డా, గడ్డలు నిద్రల ఉన్నయి. నీళ్ళు పొయ్యకు. నేనొచ్చేదాంక జర చూస్కో."

ఆయన తిరిగొచ్చేసరికి పూలుంటే దుఃఖం తగ్గుతుందని నాకు తోచింది. అమ్మ పసివాడితో ఉండగా, పొద్దునా సాయంత్రమూ చెంబెడు చెంబెడు పోశాను. రెండు వారాలకు ఒక గడ్డ పైకి లాగితే చేతిలో మెత్తగా చితికిపోయింది. కుళ్ళు కంపు. మిగతావీ అంతే.

బాపు గుండుతో మెట్లెక్కి వచ్చి, సంచి దించకుండానే డబ్బాల్లో చేయి పెట్టి చూశాడు.

"గివి ఎవరు కరాబు జేసిండ్రు?"

"మల్లేశం కాక నీళ్ళు పోసిండు," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

బాపు ఎదురు గదికి వెళ్ళాడు. "నీకు తెల్వదా మల్లేశం? ఎందుకు పోసినవ్?"

కాక బాపు వెనక తలుపు పట్టుకొని నిలబడ్డ నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "నేనే పోసిన," అన్నాడు మెల్లగా. "ఎండుతున్నయనుకున్న. తప్పయింది."

"నన్ను గన్న అవ్వ పొయ్యింది. గిప్పుడు గివి గూడ. ఇంక నా గడప తొక్కకు!"

ఆదివారం అలవాటుకొద్దీ అమ్మ ఇంకో కంచం పెడితే బాపు దాన్ని పక్కకు నెట్టేశాడు. నెల తిరక్కుండానే కాక ఊరవతల కడోదరాలో మిల్లు పని చూసుకున్నాడు. ట్రంకుపెట్టె భుజాన పెట్టుకొని దిగుతూ, మెట్ల మీద నా తల నిమిరి, "మంచిగ సదువుకో బిడ్డా," అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. బాపు మళ్ళీ గడ్డలు నాటలేదు.

నేను కాలేజీలో ఉండగా కాక ఊపిరితిత్తుల జబ్బుతో ఊళ్ళో పోయాడని తెలిసింది. ఆ మధ్యాహ్నమంతా బాపు గోడకానుకొని కూర్చున్నాడు. నేను పక్కన కూలబడి, "బాపూ, గా గడ్డలకు నీళ్ళు పోసింది నేను," అన్నాను.

అప్పటికే సాంచాల చప్పుడు ఆయన చెవులు తినేసింది. "ఏందే? జర గట్టిగ జెప్పు."

నేను లేచి కంచం పెట్టాను. "ఏం లేదు బాపూ. అన్నం తిందువు రా."

బాపు కూడా పోయాడు. ఆ ఇల్లు కూల్చి చీరల గోదాము కట్టారు. మొన్న ఆ గల్లీలో నిలబడితే గుర్తుపట్టి పలకరించే మొహం ఒక్కటీ లేదు. ఇప్పుడు ఎంత గట్టిగానైనా చెప్పగలను. వినవలసిన ఇద్దరూ లేరు.