కింద నాన్న, పైన నేను

మా ఇంటి గేటు నుంచి ఆ బార్ అండ్ గ్రిల్ తలుపు దాకా నాలుగు వందల పది అడుగులు. బెంజ్ సర్కిల్ నుంచి రెండు సందులు లోపలికి, టైర్ల కొట్టు పక్కన. కింద ఫ్యాన్ల హాలు, పద్నాలుగు బల్లలు. పైన ఏసీ, పన్నెండు బల్లలు. గ్రిల్ మాత్రం ఒక్కటే, కింద వంటగదికి ఆనుకుని ఉంటుంది. కాలుతున్న చేప వాసన మెట్ల మీదుగా పైకి వస్తుంది. పైకి వెళ్ళడానికి రెండు దారులు: హాలు మధ్యలోంచి సిమెంటు మెట్లు, స్కూటర్లు పెట్టే వైపు నుంచి ఇనప మెట్లు.

కింద నాన్న కూర్చునేవాడు. పైన నేను.

తండ్రి ఎదుట కొడుకు తాగకూడదన్నది మా వైపు నియమం. కొడుకు తాగుతాడన్న సంగతి తండ్రికి తెలియకూడదని కాదు, తెలిసినా కంటపడకూడదు. మా మేనమామకి నలభై ఎనిమిదేళ్ళు. తాతయ్య గుమ్మంలోకి వస్తే ఇప్పటికీ గ్లాసు మంచం కిందికి తోస్తాడు. తాతయ్యకి చూపు ఆనదు. అయినా తోస్తాడు.

నేను ఇబ్రహీంపట్నంలో థర్మల్ పవర్ స్టేషన్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. మా పనిలో ఇంటర్‌లాక్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. ఒక వాల్వు తెరిచి ఉన్నంతసేపు రెండోది తెరుచుకోదు, ఎవరు ఎంత తిప్పినా సరే. ఆ బారులో మా ఇద్దరికీ అలాంటి ఏర్పాటు చేసింది మైలవరం నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన పాత వెయిటరు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. నాన్న కింద కూర్చుని ఉంటే బాబాయ్ తన భుజం మీది టవల్ తీసి సిమెంటు మెట్ల రెయిలింగ్ మీద వేసేవాడు. అది వీధిలోకి కనిపిస్తుంది. టవల్ ఉంటే నేను ఇనప మెట్లెక్కాలి. లేకపోతే దర్జాగా ముందు తలుపు.

రెండేళ్ళలో ఈ ఏర్పాటు ఒక్కసారే విఫలమైంది. ఆ రోజు టవల్ ఉతుక్కి వెళ్ళింది. నేను తలుపు తోసేసరికి ఎదురుగా నాన్న, చేతిలో సోడా సీసా. ఆయన చటుక్కున వంగి చెప్పు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆయన పక్కనుంచే నడిచి మెట్లెక్కాను. పైనుంచి తొంగి చూస్తే ఇంకా సరిచేసుకుంటూనే ఉన్నాడు. అవి పట్టీ లేని చెప్పులు.

ఇంటికి వేరువేరుగా చేరేవాళ్ళం. ఇద్దరి నోటా ఒకే సోంపు వాసన. అమ్మ ఇద్దరికీ అన్నం కొంచెం తగ్గించి వడ్డించేది.

నాన్నది పెడన నేతవాళ్ళ కుటుంబం. ఇరవయ్యేళ్ళకి మగ్గం దిగి, వన్‌టౌన్‌లో చీరల కొట్టులో చేరి, తర్వాత సొంతంగా చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఏ గుడ్డ కనిపించినా బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపి చూస్తాడు, అది పెళ్ళికూతురు కట్టుకున్న పట్టుచీర కొంగైనా సరే.

రెండు నెలలుగా కుడి పక్క డొక్కలో నొప్పి అంటుంటే స్కానింగ్ చేయించాను. శనివారం సాయంత్రం రిపోర్టు వచ్చింది. డాక్టరు నన్నొక్కణ్ణీ కూర్చోబెట్టి చెప్పారు: కాలేయంలో గడ్డ ఉంది, మంచి రకం కాదు, కానీ ఇంకా చిన్నది, ఒక పక్కనే ఉంది, తీసేయొచ్చు. గురువారం ఆపరేషన్‌కి ఖాళీ ఉంది. మందు మాత్రం వెంటనే మానెయ్యాలి, ఒక్క చుక్క కూడా పడకూడదు.

"ఆయనకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగారు.

నేను చెప్తానన్నాను.

భయం జబ్బు గురించి కాదు. మా పెదనాన్నకీ ఇలాగే కాలేయంలో గడ్డ, ఇలాగే చిన్నగా ఉన్నప్పుడే తెలిసింది. డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తగానే లేచి పెడన వెళ్ళిపోయి ఆకుమందు తిన్నాడు. ఏడు నెలలు ఉన్నాడు. "కోయించుకుని పోయేకంటే అదే నయంరా" అని నాన్న అప్పట్నుంచీ అంటూనే ఉన్నాడు. చెప్పడంలో ఎక్కడ తేడా వచ్చినా ఆయనా లేచి వెళ్ళిపోతాడు. నా చేతిలో ఉన్నది చెప్పే పద్ధతి ఒక్కటే.

ఆ సాయంత్రం ఫోన్‌లో జాబితా రాసుకున్నాను. ఏడు అంశాలు. ఒకటి, రిపోర్టు వచ్చిందని చెప్పడం. రెండు, గడ్డ అన్న మాట వాడకుండా సైజు చెప్పడం. పెదనాన్న ప్రస్తావన ఐదో అంశంలో పెట్టాను, అది కూడా ఆయనే అడిగితేనే. ఇంట్లో అమ్మ ముందు వద్దనుకున్నాను. ఆదివారం కొట్టుకి సెలవు, మూడింటికల్లా ఆయన బారులో ఉంటాడు, అక్కడైతే మేమిద్దరమే. ఇదంతా రాస్తున్నప్పుడు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆదివారం పొద్దుటి షిఫ్టులో ఎనిమిది గంటలు ఎప్పటిలాగే ప్రెషర్లు, ఉష్ణోగ్రతలు నమోదు చేశాను. ఒక్క కొట్టివేత కూడా లేదు.

బస్సు దిగి సందులోకి వచ్చేసరికి మూడుంబావు. రెయిలింగ్ మీద టవల్ ఉంది. ముందు తలుపు తోశాను.

బాబాయ్ గబగబా ఎదురొచ్చాడు. "బాబూ, టవల్ చూళ్ళేదా?"

"చూశాను బాబాయ్."

"మరి ఇటొచ్చారేంటండీ? ఎనక మెట్లెక్కండి."

"ఇవాళ కిందే కూర్చుంటా."

ఆయన గొంతు తగ్గించాడు. "పెద్దాయన ఇప్పుడే గ్లాసులో పోసుకున్నారండీ. ఇంకా ముట్టుకోలేదు. ఒక్క అరగంట ఆగితే ఆయనే లేచెళ్ళిపోతారు."

"ముట్టుకోకముందే వెళ్ళాలి" అని చెప్పి ముందుకు నడిచాను.

తొమ్మిదో బల్ల. నాన్న నన్ను చూశాడు. చెప్పు కోసం సగం వంగాడు. నేను ఆగకుండా ఆయన వైపే వస్తున్నానని అర్థమై, వంగినవాడు మెల్లగా నిటారుగా కూర్చున్నాడు.

"కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. బల్ల మీద బ్రాందీ క్వార్టర్ సీసా, సగం సోడా, ఉల్లిపాయలు చల్లిన పల్లీలు, నాలుగు క్యారెట్ ముక్కలు, నిండా పోసిన గ్లాసు. గ్లాసులో బుడగలు ఇంకా పైకి వస్తున్నాయి.

"డ్యూటీ నుంచేనా?"

"ఆ."

"తిన్నావా?"

"లేదు."

ఆయన బల్ల మీది గుడ్డ అంచు నలిపి చూశాడు. "పాలిస్టర్. నీళ్ళు పడితే పీల్చదూ పాడూ లేదు. ఎందుకేస్తారో."

నేను జాబితా కోసం ఫోన్ తీశాను.

"అది లోపల పెట్టరా" అన్నాడు. "ఆ టవల్ నేనిచ్చిందే, పెడనది. మొన్న సంవత్సరం ఉగాదికి ఇచ్చా వాడికి. అది రెయిలింగ్ మీదుంటే నువ్వు ఇటు రావు. ఇవాళ అదుండగానే తిన్నగా వచ్చావంటే ఇంక రిపోర్టు చదవక్కర్లేదు. ఎక్కడంట?"

"లివర్‌లో."

"పెద్దదా?"

"చిన్నది. ఒక పక్కనే ఉంది. తీసేస్తారు."

"మీ పెదనాన్నదేనా?"

"ఆయనకీ చిన్నగా ఉన్నప్పుడే తెలిసింది. ఆయన వెళ్ళలేదు. అదొక్కటే తేడా."

ఐదో అంశం మూడో మాటగా వచ్చేసింది. కంట్రోల్ రూముకి రీడింగులు చెప్పే గొంతుతోనే చెప్పాను. ఆ గొంతు నాకే వినపడుతోంది గానీ మార్చడం చేతకాలేదు.

పక్క బల్ల దగ్గర ఇద్దరు స్నేహితులు వాదించుకుంటున్నారు. "రేపట్నుంచి మానేస్తన్నా. మా పిల్ల మీద ఒట్టు" అన్నాడొకడు. "నువ్వా! నువ్వు మానేస్తే ఈ బారుకి తాళం పడుద్ది. పాపం గ్రిల్ దగ్గరోడికి పిల్లలున్నార్రా" అన్నాడు రెండోవాడు.

నాన్న అటు చూసి నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎప్పుడన్నారు?"

"గురువారం. పొద్దున్నే ఆరింటికి అక్కడుండాలి, ఖాళీ కడుపుతో."

"మీ అమ్మకి చెప్పావా?"

"లేదు."

"నేను చెప్తాలే. నువ్వు చెబితే మీటరు చదివినట్టుంటది."

"అంటే, వస్తావా నాన్నా?"

"రానంటే ఊరుకుంటావా? ముందు తలుపులోంచే వచ్చేశావుగా."

నాలో ఏదో సడలుతుందనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతోంది, దాని ఒక రెక్క చప్పుడు చేస్తోంది.

ఆయన గ్లాసు వైపు గడ్డంతో చూపించాడు. "మరి ఇది?"

"వద్దన్నారు. ఒక్క చుక్క కూడా."

కాసేపు దాన్నే చూశాడు. బుడగలు తగ్గిపోయాయి. రెండు వేళ్ళతో గ్లాసుని నా ముందుకు జరిపాడు.

"పోసింది పారబొయ్యడం దేనికి. కానియ్."

"నాన్నా..."

"నేను చూళ్ళేదులే" అని వంగి చెప్పు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు.

నేను గోడ వైపు తిరిగి తాగాను. రుచి తెలియలేదు. చల్లగా కూడా లేదు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించేదాకా ఆయన తల ఎత్తలేదు.

"అయిందా?" అని బల్ల కిందనుంచే అడిగాడు.

"అయింది."

పైకి లేచి మొహం తుడుచుకున్నాడు. "ఏమయ్యా, పండుగప్ప ఉందా? గ్రిల్ మీద పెట్టు, కారం తగ్గించకు. గురువారం దాకా తిననిస్తారంట" అని బాబాయ్‌ని కేకేశాడు. చేప వచ్చాక ముల్లు లేని వైపు నా పళ్ళెంలో పెట్టాడు. మిగిలిన క్వార్టర్‌ని బాబాయ్ అడక్కుండానే తీసుకెళ్ళాడు. పోతూ పోతూ రెయిలింగ్ మీది టవల్ తీసి భుజాన వేసుకున్నాడు.

గురువారం ఆపరేషన్ జరిగింది. కాలేయంలో మూడో వంతు తీసేశారు. ఏడాది దాటింది. ప్రతి మూడు నెలలకీ స్కానింగ్ చేయిస్తున్నాం, ఇప్పటిదాకా ఏమీ లేదు.

ఆదివారాలు ఇప్పుడు ఇద్దరం కలిసే వెళ్తాం, ముందు తలుపులోంచే. తొమ్మిదో బల్ల, చేప, ఆయనకి నిమ్మకాయ సోడా. "మీకేం తెమ్మంటారు బాబూ?" అని బాబాయ్ ప్రతిసారీ అడుగుతాడు, నాన్న వైపు చూడకుండా. నాన్న కూడా పల్లీల వైపే చూస్తుంటాడు. కానీ కుట్లు పడిన చోట పట్టేస్తుంది, ఆయన ఇప్పుడు చెప్పుల దాకా వంగలేడు.

నాకూ సోడానే తెమ్మంటాను.