లక్ష్మీనరసమ్మ వాసన చూసిన వైన్

ఆళ్లగడ్డలో ఈశ్వరయ్యను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. వైన్ శెట్టి అంటారు. కోమటింట పుట్టి, బెల్లం, చింతపండు తూచాల్సిన చేత్తో బెంగళూరు పెద్ద హోటల్లో పాతికేళ్లు వైన్ పోసినవాడికి అంతకన్నా మంచి పేరు ఎవరు పెడతారు చెప్పండి! హోటల్లో మాత్రం ఆయనకు భలే మర్యాద. బిరడా తీసి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది బాగుంది, ఇది చెడింది అని ఇట్టే తేల్చేసేవాడు. ఆయన తల ఊపేదాకా దొరలైనా గ్లాసు ముట్టేవాళ్లు కాదు.

ఆ మర్యాద ఇంట్లో చెల్లేది కాదు. భార్య లక్ష్మీనరసమ్మకు మందు వాసనంటే సుతరామూ గిట్టేది కాదు. డ్యూటీ నుంచి వచ్చినవాడు వెనక తలుపు దగ్గరే బట్టలు విడిచి బకెట్లో పడేసి, తలమీద నీళ్లు పోసుకున్నాకే గడప దాటాలి. పెళ్లయిన కొత్తలో ఆమె పెట్టిన నియమం అది. చలికి వణుకుతూ కూడా పోసుకున్నాడు పాపం, ఒక్కరోజు ఎదురు చెప్పలేదు.

మాయదారి కరోనా వచ్చి, పోతూ పోతూ ఆయన ముక్కును పట్టుకుపోయింది. పాలు మాడినా తెలియదు, పక్కనే అగరొత్తి వెలిగించినా తెలియదు. హోటల్‌వాళ్లు శాలువా కప్పి, మంచి మాటలు చెప్పి ఇంటికి పంపేశారు. మొగుడూ పెళ్లాలు ఆళ్లగడ్డ చేరి, బస్టాండు వెనక రెండు గదులు బాడుగకు తీసుకున్నారు. ముక్కు పనిచేయదన్న సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. ఉన్న ఒక్క పేరూ నవ్వులపాలవుతుందని ఆయన భయం.

అట్లాంటప్పుడు నంద్యాల నుంచి ప్రదీప్ కబురంపాడు. బండి ఆత్మకూరు దగ్గర పొలాలున్న మోతుబరి కుటుంబం కుర్రాడు. బైపాస్ రోడ్డులో అమెరికా తరహా రెస్టారెంటు పెట్టాడు. గోడ నిండా విస్కీ సీసాలు, వాటి వెనక కళ్లు చెదిరే లైట్లు. వచ్చినవాళ్లంతా విస్కీయే అడుగుతున్నారట, మోజుపడి తెప్పించిన వైన్ అట్లాగే పడి ఉందట.

"ఉంచాల్నా, తీసెయ్యాల్నా నువ్వే చూసి చెప్పన్నా. ఉంచేట్టయితే ఆ పని నీదే" అన్నాడు ప్రదీప్.

ఈశ్వరయ్య మర్నాడే బస్సెక్కి నంద్యాల పోయాడు. జీతం సంగతి అటుంచండి, మళ్లీ ఆ హోటల్ నాటి నల్లకోటు తొడుక్కుని నాలుగు రోజులు బతకాలని ఆయన ఆశ. కానీ గోడ చూడగానే గుండె గుభేలుమంది. వైన్ సీసాలను కూడా విస్కీతోపాటు వరసగా నిలబెట్టారు. విస్కీ నిలబడితే నష్టం లేదు. వైన్‌ను చల్లటిచోట పడుకోబెట్టాలి, లేకపోతే బిరడా ఎండి గాలి దూరుతుంది. అసలే నంద్యాల ఎండలు, పైగా వెనక ఆ లైట్లు! అయినా కొన్ని బతికి ఉండొచ్చు. అది చెప్పాల్సింది ముక్కు. ఎంత పీల్చినా ఏమీ తగల్లేదు. నాలుకకు పులుపూ వగరూ తప్ప మరేదీ అందలేదు. ఇట్లాంటివి తీరిగ్గా చూడాలని ప్రదీప్‌తో బొంకి, ఒక్కో రకం కొంచెం కొంచెం ఖాళీ దగ్గుమందు సీసాల్లో పోసుకుని బస్సెక్కాడు.

పెరట్లో సీసాలు వరసగా పెట్టి భార్యను పిలిచాడు.

"నరసమ్మా, ఈ ఒక్కసారికి నీ ముక్కు నాకియ్యి."

ఆమె కొంగు బిగించి బట్టలుతికే బండమీద కూర్చుంది. మొదటిది వాసన చూసి, తడిసి ఆరిన గోనెసంచి కంపంది. రెండోది మాడిన పాకమంది. ఆమె చెప్పినకొద్దీ ఆయనకు అర్థమవుతూనే ఉంది, ఒకటి బిరడా చెడినది, ఇంకోటి వేడికి ఉడికినది. మూడోది పట్టుకుని ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఇది బాగుంది, నేరేడుపండ్ల వాసన అంది. ఆ తర్వాతవన్నీ బాగానే ఉన్నాయంది. ఈశ్వరయ్య ఆ పూట అడిగి అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

రెండు రకాలు పారెయ్యి, మిగతావి మేలిమి సరుకని ప్రదీప్‌కు చెప్పాడు. నల్లకోటు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ప్రదీప్ కావలసినవాళ్లను భోజనానికి పిలిచాడు. వాళ్లలో డాక్టర్ ఆనందరావుకు వైన్ సంగతులు తెలుసు. ఈశ్వరయ్య ఒళ్లంతా మర్యాద చేసుకుని ఆయనకు పోశాడు. డాక్టరు ఒక్క గుక్క తాగి, ముఖం అదోలా పెట్టి, గ్లాసు దూరంగా జరిపి, విస్కీ తెప్పించమన్నాడు. ఈశ్వరయ్య ఇంకో సీసా గబగబా తీసి పోయబోతే సగం చొక్కామీదే ఒలికింది. గ్లాసులో పడిందాన్ని ప్రదీప్ వాసన చూశాడు. అతనికే చెడిందని తెలిసిపోయింది.

నలుగురిలో నాలుగు తిట్టినా బాగుండేది. పక్కకు పిలిచి, "వైన్ ఎత్తేస్తాండానన్నా. నువ్వింక ఇంటికి పో" అన్నాడంతే. కోటు విప్పి అక్కడే మడతపెట్టి, ఆ సీసా సంచిలో వేసుకుని వచ్చేశాడు ఈశ్వరయ్య.

దీపాలు పెట్టే వేళకు పెరట్లో సీసా తెచ్చి భార్య ముందు పెట్టాడు. ఆమె దాని మూత కూడా తీయలేదు.

"చెడిపోయిందని ఆ పొద్దే తెలుసు నాకు. రెండు చెప్పేసరికే మీ మొగంలో నెత్తురు చుక్క ల్యాకపాయ. మళ్ల నాకు నోరు రాల్యా."

కోపం తెచ్చుకుందామనుకున్నాడు, రాలేదు. అలవాటు ప్రకారం చొక్కా గుండీలు విప్పుతూ బకెట్ వైపు వంగాడు. ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీళ్లొద్దు. లోపలికి రాండి."

"మీదంతా ఒలికింది గదే, కంపు కొడతాంటుంది."

"యాడిది? ఏ వాసనా రావడం ల్యా."

నిజమో అబద్ధమో తెలుసుకునే దారి ఆయనకు లేదు. ఆ చొక్కాతోనే, పెళ్లయ్యాక మొదటిసారి, అట్లాగే గడప దాటాడు. వెనకే వస్తున్న లక్ష్మీనరసమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో, ఓర్చుకుంటోందో, ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.